పాత ఇంట్లో వుడ్ స్టవ్: కట్టెలు కరిగిపోతున్నాయి, ఇల్లు మాత్రం వేడెక్కట్లేదు

వెర్మాంట్_వాసు (వెర్మాంట్)

అందరికీ నమస్కారం. పోయిన వేసవిలో ఇక్కడి పల్లెలో పాత ఇల్లు కొన్నాం. 1890ల నాటి చెక్క ఇల్లు, రెండంతస్తులు, కింద రాతి గోడల బేస్‌మెంట్. ఇల్లంతటికీ వేడినిచ్చే ఆయిల్ బాయిలర్ ఉంది గానీ మొదటి బిల్లు చూడగానే గుండె గుభేలుమంది. హాల్లో పాత ఓనర్ వదిలేసి వెళ్ళిన వుడ్ స్టవ్ (కట్టెలతో గదిని వేడిచేసే పొయ్యి) ఉంది. 1970ల నాటి ఇనప పెట్టె, తలుపుకి అద్దం కూడా లేదు. దాంతోనే చలికాలం నెట్టుకొద్దామని చూస్తున్నాం.

పరిస్థితి ఏంటంటే, స్టవ్ ముందు కూర్చుంటే చెమటలు, వంటింట్లోకి వెళ్తే పళ్ళు టకటకలాడతాయి. పై గదిలో పిల్లలు రెండేసి రజాయిలు కప్పుకుంటున్నారు. రాత్రి పడుకునే ముందు కట్టెలు నిండా కుక్కి స్టవ్‌లోకి వెళ్ళే గాలి దాదాపు మూసేస్తున్నాను. తెల్లారేదాకా నిప్పు ఉంటుంది, వేడి మాత్రం ఉండదు. ఓక్ కట్టెలు అక్టోబరులో కొన్నాను, బాగా ఎండినవనే చెప్పి ఇచ్చాడు. పొయ్యిలో వేస్తే కట్టె చివర్ల నుంచి సుయ్‌మని నురగ వస్తోంది.

ఇంతకన్నా పెద్ద స్టవ్ కొనమంటారా?

చలిచీమ (మిన్నెసోటా)

నురగ వస్తోందంటే జవాబు మీ పోస్టులోనే ఉంది కదండీ. మీరు కట్టెలు కాల్చట్లేదు, నీళ్ళు కాస్తున్నారు.

కట్టెలమోపు (న్యూ హాంప్‌షైర్)

చలిచీమ గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. కొంచెం వివరంగా చెప్తాను.

ఇక్కడ కట్టెలు కార్డ్ లెక్కన అమ్ముతారు. 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. ‘ఫేస్ కార్డ్’ అంటే అందులో సుమారు మూడో వంతే, ధర అడిగేటప్పుడు ఏ కార్డో తేల్చుకోండి. రెడ్ ఓక్ కార్డ్ ఒకటి పచ్చిగా ఉన్నప్పటి బరువుకీ, ఎండాక బరువుకీ తేడా వెయ్యి పౌండ్లకు పైనే ఉంటుంది. ఆ తేడా అంతా నీళ్ళు. అవన్నీ ఆవిరై గొట్టంలోంచి పోయేదాకా మీ ఇంటికి రావలసిన వేడి వాటికే ఖర్చవుతుంది.

కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. చిన్న తేమ మీటర్ కొనండి, ఖరీదు ఎక్కువేం కాదు. అయితే కట్టె బయట గుచ్చి చూస్తే లాభం లేదు, పైపైన అన్నీ ఎండినట్టే కనపడతాయి. మొద్దుని ఒకసారి ఇంట్లో పెట్టి, చలి వదిలాక చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మీద మధ్యలో గుచ్చండి. మీ ఓక్ 30 దాటి చూపిస్తే నేనేం ఆశ్చర్యపోను. రెడ్ ఓక్ చీల్చి పేర్చాక ఎండడానికి రెండు వేసవులు పడుతుంది. యాష్, పైన్ చెట్ల కట్టెలైతే అంత సమయం అక్కర్లేదు.

పైన్ అనగానే చాలామంది ‘అమ్మో, గొట్టం నిండా జిగురు పేరుకుంటుంది’ అంటారు. పేరుకునేది పైన్ వల్ల కాదు, తడి వల్ల. ఎండిన పైన్ శుభ్రంగా మండుతుంది. గుప్పున మండి త్వరగా అయిపోతుంది, అంతే దాని లోపం. కార్డ్ ఓక్‌లో సుమారు 24 మిలియన్ బీటీయూలు (వేడిని కొలిచే యూనిట్లు) ఉంటే వైట్ పైన్‌లో 15 దాకా ఉంటాయి. సాయంత్రం గది త్వరగా వేడెక్కాలంటే పైన్, రాత్రికి ఓక్, మేపుల్.

గుంటూరు_ఘాటు (డాలస్)

ఇదంతా ఎందుకు గురూ? మా ఊళ్ళో అమ్మమ్మ పొగలో కళ్ళు మండించుకుని వండేది. గ్యాస్ వచ్చాక ఆ పొయ్యి పగలగొట్టి పండగ చేసుకుంది. మనం అమెరికా వచ్చి మళ్ళీ కట్టెలు కొట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే. హీట్ పంప్ (కరెంటుతో ఇల్లు వేడిచేసే మెషీన్) పెట్టించుకోండి, రిమోట్ నొక్కండి, పడుకోండి.

చలిచీమ (మిన్నెసోటా)

డాలస్ నుంచి చలి గురించి సలహా! 2021 ఫిబ్రవరిలో మీకు కరెంటు పోయినప్పుడు ఆ రిమోట్ ఏ మాత్రం పనిచేసింది స్వామీ?

గుంటూరు_ఘాటు (డాలస్)

😂 దెబ్బ కొట్టావ్. ఆ వారం గుర్తు చేయకు.

ఇంజనీరమ్మ (మసాచుసెట్స్)

ఘాటు గారి మాటని కొట్టిపారేయకండి. ఇప్పటి చలిదేశపు హీట్ పంపులు సున్నా ఫారన్‌హీట్ కిందా పనిచేస్తున్నాయి. అసలు వాసు గారి ఇంటికి చివరికి రెండూ ఉండడమే మంచిది. కానీ ఆ ఇంట్లో హీట్ పంప్ పెట్టినా, వుడ్ స్టవ్ పెట్టినా, బంగారపు పొయ్యి పెట్టినా ఇప్పుడున్న స్థితిలో ఒకటే ఫలితం. చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నారు.

నా ఉద్యోగమే ఇళ్ళకి ఎనర్జీ ఆడిట్లు చేయడం, అంటే వేడి ఎక్కడ వృథా అవుతోందో చూడడం. 1890ల ఇళ్ళు చాలా చూశాను. వాటిలో ఎక్కువ ‘బెలూన్ ఫ్రేమ్’ కట్టడాలు. అంటే గోడ లోపలి ఖాళీ బేస్‌మెంట్ నుంచి పైకప్పు దాకా అడ్డం లేకుండా నిట్టనిలువుగా ఉంటుంది. వేడి గాలి ఆ ఖాళీల్లోంచి పైకి పోయి అటకలో కలుస్తుంది, దాని స్థానంలో బేస్‌మెంట్ నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. బయట చలి పెరిగేకొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది. మీరు స్టవ్ ఎంత మండిస్తే అంత గట్టిగా లాగుతుంది. అందుకే వంటింట్లో పాదాలు గడ్డకడుతున్నాయి.

అందరూ ముందు కిటికీల మీద పడతారు. చల్లగా తగిలేది అక్కడే కాబట్టి. కానీ డబ్బు పెట్టాల్సింది ముందు అటకలో, తర్వాత బేస్‌మెంట్‌లో. అటకలో ఉన్న ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా పరిచిన దూది) పక్కకి జరిపి చూడండి. లోపలి గోడల తలలు, కరెంటు వైర్లు వచ్చే రంధ్రాలు, బాత్రూమ్ పైపు చుట్టూ ఖాళీ, చిమ్నీ చుట్టూ ఖాళీ కనపడతాయి. ఇన్సులేషన్ దూది ఎక్కడైనా నల్లగా మాసి ఉంటే అక్కడి నుంచి గాలి కారుతున్నట్టు. ఏళ్ళ తరబడి దుమ్ము వడకట్టిన గుర్తు అది. వాటిని ముందు మూసి, ఆ తర్వాత పైన సెల్యులోజ్ (కాగితం పొట్టుతో చేసే ఇన్సులేషన్) పోయించండి. వరస తిరగేస్తే సగం లాభమే.

చిమ్నీ చుట్టూ ఖాళీని మాత్రం ఫోమ్‌తో మూయకండి, ప్లీజ్. అక్కడ రేకు, అగ్నికి తట్టుకునే సీలెంట్ వాడాలి. ఇంటి లోపలి ఇటుక చిమ్నీకీ చెక్కకీ మధ్య రెండంగుళాల జాగా ఉండాలని కోడ్ (ఇళ్ళ కట్టడపు నియమాలు) చెప్తుంది. అది ఊరికే వదిలిన ఖాళీ కాదు.

గోడల్లో సెల్యులోజ్ కొట్టించే ముందు పాత ‘నాబ్ అండ్ ట్యూబ్’ వైరింగ్ (పింగాణీ బుడిపెల మీద లాగిన పాతకాలపు వైర్లు) ఉందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉంటే ముందు అది మార్చాలి. అటకలో బూడిద రంగులో మెరిసే గులకల్లాంటి వర్మిక్యులైట్ కనపడితే చెయ్యి పెట్టొద్దు, అందులో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ముందు బ్లోయర్ డోర్ టెస్ట్ చేయించుకోండి. తలుపు దగ్గర పెద్ద ఫ్యాన్ పెట్టి ఇంట్లోంచి గాలి లాగుతారు, ఎక్కడెక్కడ కారుతోందో చేతికే తెలుస్తుంది. మీ రాష్ట్రంలో ఇంధనం ఆదాకి సాయపడే ఎఫిషియెన్సీ వెర్మాంట్ అనే సంస్థ ఉంది, వెదరైజేషన్‌కి (ఇలా ఇల్లు బిగించే పనులకి) రిబేట్లు ఏమున్నాయో కనుక్కోండి.

వెర్మాంట్_వాసు (వెర్మాంట్)

ఇంజనీరమ్మ గారూ, మీ పోస్టు చదివి టార్చ్ పట్టుకుని అటకెక్కాను. చిమ్నీ పక్కన నా చెయ్యి మోచేతి దాకా దూరేంత ఖాళీ ఉంది! కింద హాల్లో మా ఆవిడ మాట్లాడేది స్పష్టంగా వినిపిస్తోంది. దూది చాలాచోట్ల నల్లగానే ఉంది. వర్మిక్యులైట్ లేదు, హమ్మయ్య.

కట్టెలమోపు గారూ, మీటర్ ఇంకా రాలేదు. ఈలోగా ఒక సందేహం. రాత్రి గాలి మూసేయడం తప్పా? అలా చేయకపోతే అర్ధరాత్రికే ఆరిపోతుంది కదా.

కట్టెలమోపు (న్యూ హాంప్‌షైర్)

తప్పే. తడి కట్టె, గాలి మూసిన పాత స్టవ్, ఈ రెండూ కలిస్తే చాలా ప్రమాదం.

1973లో ఆయిల్ సంక్షోభం వచ్చాక ఈ ప్రాంతంలో ఇంటింటా వుడ్ స్టవ్‌లు వెలిశాయి. గాలి బిగించి రాత్రంతా నిప్పు నిలబెట్టడమే అప్పటి స్టవ్‌ల గొప్ప. కట్టె మండకుండా పొగలుతుంది. ఆ పొగలోనే కట్టె శక్తిలో పెద్ద భాగం ఉంటుంది, అది కాలకుండా గొట్టంలోకి పోతుంది. గొట్టం చల్లగా ఉంటే అక్కడే పేరుకుంటుంది. దాన్నే క్రియోసోట్ అంటారు. మొదట పొడి మసిలా ఉంటుంది, తర్వాత రేకులు కడుతుంది, చివరికి గాజు పూసినట్టు నల్లగా మెరుస్తూ గట్టిపడుతుంది. ఈ చివరి రకం బ్రష్‌కి రాదు. అది అంటుకుందంటే చిమ్నీ లోపల 2,000 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. మా వీధిలో ఒకరింట్లో అంటుకున్నప్పుడు రైలు వచ్చినంత మోత. మీది బెలూన్ ఫ్రేమ్ అంటున్నారు, గోడలోకి నిప్పు పాకిందంటే అటక దాకా ఆపేది ఏదీ ఉండదు.

కాబట్టి వాసు గారూ, చిమ్నీ శుభ్రం చేసేవాళ్ళని పిలిచి లోపల కెమెరాతో చూపించేదాకా ఆ స్టవ్ వెలిగించకండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు. ఆ కాలపు చిమ్నీలు కొన్నింటికి లోపల లైనర్ (పొగ పోయే లోపలి గొట్టం) కూడా ఉండదు, ఉత్త ఇటుకలే. ఉన్నా, గొట్టం మరీ పెద్దదైతే పొగ నెమ్మదించి చల్లబడిపోతుంది. స్టవ్ మూతికి సరిపడా, సాధారణంగా ఆరంగుళాల స్టీల్ లైనర్ వేయించి, దాని చుట్టూ ఇన్సులేషన్ పెట్టిస్తే డ్రాఫ్ట్ (పొగని పైకి లాగే గాలి) బాగుంటుంది. చిమ్నీ తల కప్పు నుంచి కనీసం 3 అడుగులు పైకి, చుట్టూ 10 అడుగుల్లో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా ఉండాలి.

లక్ష్మి_మేన్ (మేన్)

మగాళ్ళంతా చిమ్నీ పట్టుకు వేలాడుతున్నారు గానీ వంటింటి సంగతి ఎవరూ అనలేదు. తాలింపు వేసేటప్పుడు హుడ్ (వంట పొయ్యి పైన పొగ లాగే ఫ్యాన్) ఆన్ చేస్తారా వాసు గారూ? మన ఇళ్ళలో ఎండుమిర్చి ఘాటుకి పెద్ద హుడ్‌లు పెట్టించుకుంటాం. అది లాగే గాలి ఎక్కడి నుంచో రావాలి కదా. సందులన్నీ మూసి ఇల్లు బిగించుకున్నాక ఆ గాలి చిమ్నీలోంచి కిందికి వస్తుంది, దాంతో పాటు స్టవ్ పొగ కూడా. స్టవ్ నెమ్మదిగా కాలుతున్నప్పుడు ఇంకా సులువుగా తిరగబడుతుంది. మేం హుడ్ వేసే ముందు వంటింటి కిటికీ రెండంగుళాలు తెరుస్తాం. 400 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) దాటిన హుడ్ అయితే చాలా ఊళ్ళలో బయటి గాలికి వేరే దారి పెట్టమని కోడే అడుగుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులో ఉండాలి. పడకగదుల దగ్గర తప్పనిసరి.

ఇంజనీరమ్మ (మసాచుసెట్స్)

లక్ష్మి గారూ, నూటికి నూరుపాళ్ళు. నేను ఆడిట్‌కి వెళ్ళిన ప్రతి మన ఇంట్లోనూ ఈ హుడ్ గొడవ ఉంటుంది.

అరకు_అబ్బాయి (విశాఖపట్నం)

పెద్దల మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా అమ్మమ్మ వాళ్ళది లంబసింగి దగ్గర. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున వణికించేస్తుంది. రాత్రి కుంపట్లో నిప్పులు పోసి గదిలో పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకుంటుంది. పొగ లేదు కదా, ఏం కాదంటుంది. ఈ మోనాక్సైడ్ గొడవ దానికీ ఉంటుందా?

చలిచీమ (మిన్నెసోటా)

తమ్ముడూ, ఈ రాత్రే ఫోన్ చేసి మాన్పించు. ఇది జోక్ కాదు.

కట్టెలమోపు (న్యూ హాంప్‌షైర్)

ఎర్రటి నిప్పుల నుంచి పొగ రాదు గానీ మోనాక్సైడ్ బాగా వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే మనిషి పోతాడు. మా స్టవ్‌కి చిమ్నీ ఉంది, ఆ గాలి బయటికి పోతుంది. కుంపటికి ఆ దారి లేదు. సాయంత్రం వాకిట్లోనో వసారాలోనో కుంపటి చుట్టూ కూర్చుని చలి కాచుకోనీ. కిటికీ కాస్త తెరిచి ఉన్నా కూడా, పడుకునే గదిలోకి మాత్రం రానివ్వొద్దు. వేడినీళ్ళ సంచీ పక్కలో పెట్టుకోమను. ఇంకో గొంగళి కొనివ్వు.

అరకు_అబ్బాయి (విశాఖపట్నం)

మాట్లాడాను. ‘నా చిన్నప్పటి నుంచీ ఇంతే, నాకేమైంది’ అని మొదలుపెట్టింది. మామయ్య రేపు వెళ్తున్నాడు, కుంపటి తీసి వసారాలో పెడతాడు. థాంక్స్ అన్నా.

వెర్మాంట్_వాసు (వెర్మాంట్)

చిమ్నీ అతను వచ్చి వెళ్ళాడు. లైనర్ లేదు, ఇటుకల మధ్య సున్నం చాలాచోట్ల రాలిపోయింది. రేకులు కట్టిన క్రియోసోట్ బకెట్టు నిండా దింపాడు. స్టవ్ ఆపేశాం. తేమ మీటర్‌లో ఓక్ 34 చూపించింది.

ఈ చలికాలం ఆయిల్ మీదే గడిపి అటక, బేస్‌మెంట్ పనులు చేయిస్తాం. వసంతంలో లైనర్, కొత్త స్టవ్. ఏది కొనాలో చెప్పండి. ఇల్లు 1,800 చదరపు అడుగులు. షాపులో అతను 2,500 అడుగులకి సరిపోయేది తీసుకో, పాత ఇల్లు కదా అంటున్నాడు.

కట్టెలమోపు (న్యూ హాంప్‌షైర్)

ఇల్లు బిగించాక పెద్ద స్టవ్ అవసరం ఉండదు. మరీ పెద్దది కొంటే వేడి తట్టుకోలేక గాలి తగ్గించి పొగలపెడతారు, మళ్ళీ మొదటికే వస్తాం. మధ్యస్థంగా ఉన్నది కొని చక్కగా మండించండి.

రెండు రకాలుంటాయి. క్యాటలిస్ట్ (తక్కువ వేడికే పొగ కాలేలా చేసే భాగం) లేనివాటిలో పొయ్యి పైభాగాన వేడి గాలి సన్న రంధ్రాల్లోంచి వచ్చి పొగని మళ్ళీ కాలుస్తుంది, అందుకు 1,100 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడి కావాలి. క్యాటలిస్ట్ ఉన్నవాటిలో 500 దగ్గరే పొగ కాలుతుంది, కాబట్టి తక్కువ మంట మీద గంటల తరబడి శుభ్రంగా నడుస్తాయి. మీరు కోరుకునే రాత్రంతా నిప్పు వీటితో నిజంగానే సాధ్యం. కానీ ఆ క్యాటలిస్ట్ కొన్నేళ్ళకొకసారి మార్చాలి, తడి కట్టె వేస్తే పాడవుతుంది. 2020 మే నుంచి అమెరికాలో అమ్మే కొత్త స్టవ్‌లు సమానంగా కోసిన చెక్కలతో పరీక్షిస్తే గంటకి 2 గ్రాముల పొగ మించకూడదు, మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5. ఆ ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) ముద్ర, 70 శాతం పైన ఎఫిషియెన్సీ చూసుకోండి. మీకు దగ్గరలోనే తయారవుతాయి, రాండాల్ఫ్‌లో వెర్మాంట్ క్యాస్టింగ్స్, మారిస్‌విల్‌లో హార్త్‌స్టోన్. సోప్‌స్టోన్ అనే రాయితో చేసినవి నెమ్మదిగా వేడెక్కి, మంట తగ్గాక కూడా చాలాసేపు వేడినిస్తాయి.

గుంటూరు_ఘాటు (డాలస్)

లెక్క చెప్పండి లెక్క. ఇంత కష్టపడితే ఎంత ఆయిల్ మిగులుతుంది?

కట్టెలమోపు (న్యూ హాంప్‌షైర్)

కార్డ్ ఓక్‌లో 24 మిలియన్ బీటీయూలు. 75 శాతం స్టవ్ అయితే 18 మిలియన్లు గదిలోకి. గ్యాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500, బాయిలర్ 85 శాతం అనుకుంటే ఇంట్లోకి వచ్చేది 1,17,700. భాగిస్తే కార్డ్‌కి 150 గ్యాలన్ల చిల్లర. మీ ఊళ్ళో కార్డ్ ధరతో, గ్యాలన్ ధరతో పోల్చుకోండి. కొట్టడం, పేర్చడం, మోయడం కూలి వేరే. స్టవ్‌ల మీద ఉన్న ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో అయిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఇంజనీరమ్మ (మసాచుసెట్స్)

ఇంకో మాట, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీ బాయిలర్ థర్మోస్టాట్ ఎక్కడుంది? స్టవ్ ఉన్న హాల్లోనే ఉంటే, హాలు వెచ్చగా ఉంది కాబట్టి బాయిలర్ వెలగదు. అటు బయటి గోడ పక్కన, బేస్‌మెంట్ మూలన ఉన్న నీళ్ళ పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి. మైనస్ రాత్రుల్లో బాయిలర్‌ని రోజుకి కొన్నిసార్లయినా తిరగనివ్వండి, లేదా థర్మోస్టాట్ వేరే గదికి మార్పించండి.

లక్ష్మి_మేన్ (మేన్)

వేడి పక్క గదులకి పోవడానికి చిన్న కిటుకు. అందరూ స్టవ్ దగ్గర ఫ్యాన్ పెట్టి వేడిని తోస్తారు. దానికి బదులు చలిగదిలో నేల మీద చిన్న ఫ్యాన్ పెట్టి స్టవ్ వైపుకి తిప్పండి, తక్కువ స్పీడ్‌లో. చల్లగాలి బరువు, నేలని అంటుకుని ఉంటుంది. దాన్ని హాల్లోకి తోస్తే తలుపు పై భాగం నుంచి వేడి గాలి తనంతట తనే చలిగదిలోకి వస్తుంది. తలుపు పైన సన్న కాగితం వేలాడదీసి చూడండి, ఎటు ఊగుతోందో తెలుస్తుంది.

చలిచీమ (మిన్నెసోటా)

వసంతంలో స్టవ్ వచ్చేలోగా కట్టెలు ఇప్పుడే కొని చీల్చి పేర్చేయండి. పైన మాత్రం కప్పండి, పక్కలు గాలికి వదిలేయండి. అంతా టార్పాలిన్‌తో చుట్టేస్తే బూజు పడుతుంది. కట్టెలు దగ్గర ఊళ్ళోవే కొనండి. వేరే ప్రాంతం నుంచి తేవొద్దు. 2002లో మిషిగన్‌లో బయటపడ్డ యాష్ చెట్లని తొలిచే యాష్ బోరర్ పురుగు ఇన్ని రాష్ట్రాలకు పాకడంలో వంటచెరకు మోతల పాత్ర చాలా ఉంది.

వెర్మాంట్_వాసు (వెర్మాంట్)

థర్మోస్టాట్ హాల్లోనే, స్టవ్‌కి ఎదురు గోడ మీద ఉంది. ఇంజనీరమ్మ గారికి దండం. భోజనాల గదికి మార్పిస్తున్నాను. లక్ష్మి గారి ఫ్యాన్ కిటుకు వచ్చే చలికాలంలో కొత్త స్టవ్‌తో చూసి చెప్తాను. ఓక్ అంతా వెనక షెడ్డు పక్కన ఎండ తగిలేచోట పేర్చాం, వచ్చే ఏడు కాదు, ఆ పై ఏడుకి. వచ్చే చలికాలానికి యాష్ వెతుకుతున్నాను.

చివరగా మా ఆవిడ ప్రశ్న. బూడిద కుండీలోని కరివేపాకు మొక్కకి వేయొచ్చా?

లక్ష్మి_మేన్ (మేన్)

వద్దు. బూడిద క్షారం, కరివేపాకుకి కాస్త ఆమ్ల మట్టి ఇష్టం. బ్లూబెర్రీకీ వేయకండి. పచ్చికకి పల్చగా చల్లుకోవచ్చు. స్టవ్‌లోంచి తీసిన బూడిద మూత ఉన్న ఇనప బకెట్‌లో పోసి, ఇంటికి దూరంగా నేల మీదో బండ మీదో పెట్టండి. చెక్క వరండా మీద కాదు. పైకి చల్లగా కనపడినా అడుగున నిప్పు రోజుల తరబడి ఉంటుంది. కరివేపాకు కుండీని కూడా స్టవ్‌కి దూరంగా జరపమనండి, ఆ వేడికి ఆకులన్నీ రాలిపోతాయి.